ఆటకొక వాచీ, మాటకొక వాచీ

(తంగళ్ళపల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో, భోజన విరామానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కింద కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సార్, డి.ఎ. బకాయిల మీద ఒకరు మాట్లాడుతరు, హెల్త్ కార్డుల మీద ఇంకొకరు మాట్లాడుతరు. మీరేదన్న తేలిక విషయం చెప్పుండ్రి" అన్నారు. నేను 1975 నుంచి 2008 దాకా ముప్పై మూడేళ్ళు హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టరుగా పని చేసినవాణ్ణి. విజిలు ఊదడం వచ్చినంత బాగా ఉపన్యాసం ఇవ్వడం రాదు. కాసేపు ఆలోచించి, వాచీల గురించి మాట్లాడతానన్నాను. "అయితే టైముకు ముగిస్తరన్నమాట" అని ఆయన నవ్వారు. ప్రయత్నం చేస్తాను.

విషయం చిన్నదే. ఆటలకూ, బయటి పనులకూ పనికివచ్చే మొరటు వాచీ ఒకటి మనలో చాలామందికి ఉంది. దుబాయి నుంచో, మస్కట్ నుంచో పిల్లలు తెచ్చిందై ఉంటుంది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు అటువంటి వాచీ లేని ఇల్లు తక్కువ. దానికి తోడుగా, పది మందిలో కూర్చున్నప్పుడు పెట్టుకునే సాదా వాచీ ఒకటి ఎట్లా ఎంచుకోవాలి? అదే నా విషయం. ఇందులో నేను రెండుసార్లు తప్పు చేసి, రెండుసార్లు తల దించుకున్నాను. ముందు ఆ తప్పులు చెప్పి, తరువాత కొనే పద్ధతి చెపుతాను.

నా పెళ్ళి 1977లో జరిగింది. పెళ్ళికొడుకుకు సైకిలు, రేడియో, చేతి గడియారం పెట్టడం ఆ రోజుల్లో మన దగ్గర ఆనవాయితీ. నేను అడగలేదని గొప్ప చెప్పుకోను, ఎందుకంటే వద్దని కూడా అనలేదు. మా మామగారు సిరిసిల్లలో చేనేత మగ్గం నేసేవారు. ఆయన పెట్టిన వాచీ హెచ్.ఎం.టి. జనతా. ఇక్కడున్న పెద్దలకు ఆ పేరు చెపితే చాలు. హెచ్.ఎం.టి. వారు జపాన్ దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది 1961లో. ఆ తరువాత పాతికేళ్ళు మన దేశంలో వాచీ అంటే హెచ్.ఎం.టి.నే. డబ్బులున్నా దొరికేది కాదు. మా మామగారు నెలల ముందే చెప్పి పెట్టి, తెలిసినవాళ్ళ ద్వారా తెప్పించారు.

తెల్ల డయలు, సన్నని ముళ్ళు, తేదీ లేదు, మెరుపు లేదు. పొద్దున ఒకసారి కీ ఇస్తే మరునాటి దాకా నడిచేది. లోపల 17 జ్యూయల్స్. ఆ జ్యూయల్స్ అంటే నగల్లో పొదిగే రాళ్ళలాంటివి కావు. చక్రాల ఇరుసులు అరగకుండా వాటి కింద పెట్టే కృత్రిమ కెంపులు. నేను చూసిన వాచీల్లో ఇప్పటికీ అంత పొందికైనది తక్కువ.

అటువంటి వాచీని నేనేం చేశాను? కొత్త మోజులో గ్రౌండుకు పెట్టుకుపోయాను. ఎండాకాలం చెమట, గ్రౌండు దుమ్ము. వాలీబాల్‌లో బంతిని రెండు ముంజేతుల మీద తీసుకుంటాం కదా, ఆ దెబ్బ నేరుగా వాచీకి తగిలేది. ఆ రకం వాచీలో బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొనలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. అది తట్టుకునే పని కాదు. ఏడాది తిరిగేసరికి అద్దం పగిలింది, డయలు మీద చెమట మరక పడింది, రోజుకు పావుగంట వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

దసరాకు అత్తగారింటికి పోయాం. మామగారు నాకు జమ్మి ఆకు ఇస్తూ చేయి చూశారు. ఏమీ అనలేదు. అన్నం తిన్న తరువాత వాచీ అడిగి తీసుకుపోయి, తన డబ్బులతో బాగుచేయించి తెచ్చారు. మరుసటి దసరాకూ అదే కథ. అప్పుడు మాత్రం ఒక్క మాటన్నారు. "అల్లుడా, ఎనభై నంబరు నూలుతోటి గోనెసంచి నేస్తరా?"

నేతపని తెలియని పిల్లల కోసం చెపుతున్నాను. నూలుకు నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇరవై నంబరు ముతక, ఎనభై నంబరు చాలా సన్నం. ఏ పనికి ఏ నూలో నేసేవాడికి తెలుస్తుంది. పెట్టినవాడికి నా చేతిలో దాని గతి చూసి ఎంత బాధ కలిగిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ వాచీ మూడోసారి ఆగిపోయాక మళ్ళీ నడవలేదు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం పోలేదు.

ఇది మొదటి తప్పు: సన్నని వాచీని మొరటు పనికి వాడడం. రెండో తప్పు దీనికి తిరకాసు.

మా పెద్దవాడు 2009లో దుబాయి పోయాడు. పైపుల వెల్డింగు పని. 2018లో సెలవు మీద వచ్చినప్పుడు నాకొక వాచీ తెచ్చాడు. నల్ల రబ్బరు బెల్టు, రూపాయి బిళ్ళలు ఎనిమిది పేర్చినంత మందం. ముళ్ళూ ఉన్నాయి, అంకెలూ ఉన్నాయి. స్టాప్ వాచీ, అలారం, చీకట్లో లైటు. వెనక 200 మీటర్లు అని రాసి ఉంది. నేను మానేరులో నడుములోతు దాటి దిగి చాలా ఏళ్ళయింది. అయినా "డ్రిల్లు మాస్టరు బాపుకు ఇదే కరెక్టు" అని వాడు ముచ్చటపడి తెచ్చాడు. వాడు ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు అది. నేను దాన్ని స్నానానికి కూడా తీయలేదు. పెళ్ళికీ అదే, సంతకూ అదే, వేములవాడ రాజన్న దర్శనానికీ అదే.

మూడేళ్ళ కింద నా పాత విద్యార్థి ఒకతను గుండెపోటుతో పోయాడు. నలభై రెండేళ్ళు. సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకుని నడిపించుకునే ఆసామి. 1995లో మా బడి కబడ్డీ జట్టుకు అతనే కెప్టెన్. ఐదో రోజున పరామర్శకు పోయాను. ఆ ఏడు జట్టంతా కలిసి దిగిన ఫోటో ఒకటి నా దగ్గరుంటే, వాళ్ళమ్మకు ఇద్దామని జేబులో పెట్టుకున్నాను. ఆ పిల్లవాడు ఆటలో ఎట్లా ఉండేవాడో నాలుగు మాటలు చెప్పాలని కూడా అనుకున్నాను.

సాంచాలున్న ఇంట్లో చప్పుడు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. ఆ రోజు ఆ ఇంట్లో నాలుగూ ఆగి ఉన్నాయి. జంపఖానా పరిచారు. పది పన్నెండు మందిమి మాటలేకుండా కూర్చున్నాం. ఆ తల్లి గోడకు ఆనుకుని ఉంది. సరిగ్గా పదకొండు కాగానే నా చేతి మీది వాచీ కూత పెట్టింది. గంటగంటకూ రెండుసార్లు అరిచే గుణం దానికుంది. ఎట్లా ఆపాలో నాకు తెలియదు. ఇంట్లో ఉన్నప్పుడు పట్టించుకునేవాణ్ణి కాదు. ఆ నిశ్శబ్దంలో అది ఎంత గట్టిగా వినిపించిందో చెప్పలేను. దానికి తోడు, అలవాటుకొద్దీ నేను చేయి ఎత్తి వాచీ చూశాను.

ఆ తల్లి నావైపు చూసి, "సారుకు యాళ్ళయినట్టున్నది. పోయి రాండ్రి సారూ" అన్నది.

కోపంతో అన్నమాట కాదు. మర్యాదకే అన్నది. కానీ నాకు ఇంక అక్కడ కూర్చునే ముఖం లేకపోయింది. ఫోటో జేబులోనే ఉండిపోయింది. లేచి చేతులు జోడించాను. జోడించిన చేతుల ముందు ఆ నల్లటి వాచీయే ఉంది. మానేరు వంతెన మీదుగా ఇంటికి వస్తూ మామగారి మాట తలుచుకున్నాను. అప్పుడు సన్న నూలుతో గోనెసంచి నేశాను. ఇప్పుడు గోనెసంచి కప్పుకుని పరామర్శకు పోయాను.

వాచీది తప్పు కాదు, మనవి చేస్తున్నాను. ఆ వాచీని చేసింది దెబ్బలు తినడానికీ, అరిచి లేపడానికీ. ఆ రకం వాచీల చరిత్ర కూడా గొప్పదే. జపాన్‌లో కాసియో కంపెనీ ఇంజనీరు కికువో ఇబే, చేతి నుంచి జారిపడి తన వాచీ పగిలిపోతే, కింద పడ్డా పగలని వాచీ చేయాలని పట్టుపట్టి రెండు వందలకు పైగా నమూనాలు చేసి చూశాడట. చివరికి 1983లో జీ-షాక్ బయటికి వచ్చింది. అంతకు ముందే రోలెక్స్ వారు నీళ్ళు చొరని కేసును 1926లోనూ, సముద్రంలో మునిగేవాళ్ళ వాచీ సబ్‌మెరైనర్‌ను 1953లోనూ తెచ్చారు. ఇవన్నీ పని వాచీలు.

ఒక చిత్రమైన సంగతి చెపుతాను. మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ ఆఫీసర్ల వాచీ అద్దాలు దెబ్బకు పగులుతున్నాయని, వాచీ ముఖాన్ని వెనక్కి తిప్పి దాచుకునే ఏర్పాటుతో 1931లో ఒక వాచీ చేశారు. దాని పేరు రివర్సో. ఆట కోసం పుట్టిన ఆ వాచీ ఇవాళ కోటు వేసుకునే దొరల చేతికి అలంకారమైంది. అంటే ఒకే వాచీతో రెండు పనులూ చేయాలని మనిషి ఎప్పటి నుంచో చూస్తున్నాడు. అటువంటిది కొనే స్తోమత మనకు లేదు. మనకు రెండు వాచీలే చవక.

ఇక్కడ కొందరు మిత్రులకు ఒక సందేహం రావచ్చు. వాచీ తీసేసి పోతే సరిపోదా, జేబులో సెల్‌ఫోన్ ఉంది కదా అని. నేనూ అట్లా ఒక నెల చేసి చూశాను. పరామర్శలోనో, పెళ్ళిలోనో జేబులో నుంచి ఫోన్ తీసి వెలిగించి చూడడం, వాచీ చూడడం కంటే ఎక్కువ కంట్లో పడుతుంది. టైము చూడబోయి మెసేజీ చూస్తాం. ఎదుటివాడు మాట ఆపేస్తాడు. మందులు వేళకు వేసుకోవాల్సినవాళ్ళం, బస్సు అందుకోవాల్సినవాళ్ళం, టైము తెలియకుండానూ ఉండలేం. కాబట్టి ఎవరికీ అడ్డం రాని వాచీ ఒకటి కావాలి.

సిరిసిల్లలో రెండు దుకాణాలు, కరీంనగర్‌లో ఒకటి తిరిగాను. "ఫంక్షన్లకు పెట్టుకునే వాచీ చూపించు బాబూ" అంటే చాలు, ప్రతి దుకాణంలోనూ బంగారు రంగు చైను, తళుకు రాళ్ళు, అరచేతి వెడల్పు డయలు ఉన్నవి తీసి ముందర పెట్టారు. మన దగ్గర ఫంక్షన్ అంటే మెరవాలి అనే లెక్క. నేననేది ఏమిటంటే, పెళ్ళిలో మెరవాల్సింది పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. దీవించడానికి పోయిన మన మణికట్టు కాదు. సన్నంచు పంచె కట్టినవాణ్ణి చూడండి. అంచు ఉంది, కానీ అరవదు. నాకు కావాల్సిన వాచీ అటువంటిది. "బాబూ, అన్నిటికంటే తక్కువ సంగతులున్న వాచీ తియ్యి" అన్నాక ఆ అబ్బాయి కింది అరలో నుంచి నాలుగు తీశాడు. ఆ నాలుగింటిలో ఎంచుకోవడానికి నాకు గంట పట్టింది. ఆ గంటలోనూ, తరువాతి మూడేళ్ళలోనూ నేర్చుకున్నది వరసగా చెపుతాను.

మొదటిది కొలత. డయలు కేసు అడ్డంగా 34 నుంచి 38 మిల్లీమీటర్ల లోపు ఉంటే మనవంటి వాళ్ళ చేతికి సరిపోతుంది. ఆటల వాచీలు 42, 45, ఆ పైన కూడా ఉంటాయి. వయసు మీద పడ్డాక మణికట్టు సన్నబడుతుంది. బెల్టు తగిలించే కొమ్ములు మణికట్టు అంచులు దాటి బయటికి రాకూడదు. మందం 8 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటే నిండు చేతుల చొక్కా బొత్తం కింద ఇరుక్కోకుండా దూరుతుంది. మనలో చాలామందిమి పొట్టి చేతుల చొక్కాలు వేస్తాం కదా, మందంతో పనేమిటని అడగవచ్చు. చేతులు జోడించి చూడండి. మణికట్టు వంగినప్పుడు మందమైన వాచీ కీ బుడిపె చర్మంలోకి గుచ్చుకుంటుంది. నమస్కారం పెట్టి చూడకుండా వాచీ కొనకండి.

సన్నదనం అంటే విదేశీ సరుకే అనుకోవద్దు. టాటా వారూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో వారూ కలిసి 1984లో టైటాన్ పెట్టారు. ఫ్యాక్టరీ తెలుగువాళ్ళు బాగా ఉన్న హోసూరులోనే. వాళ్ళు 2002లో ఎడ్జ్ అనే వాచీ తెచ్చారు. మొత్తం మందం మూడున్నర మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. దాన్ని కొనమని నేను చెప్పడం లేదు, అది నా లెక్కకు మించిన ధర. మన దేశంలో అంత సన్నని పని చేయగలిగినవాళ్ళు ఉన్నారని చెప్పడానికి అన్నాను.

రెండోది డయలు. ఇక్కడ పెద్దవాళ్ళు మోసపోతారు. సాదా వాచీ అని తెల్ల డయలు మీద వెండి రంగు ముళ్ళున్నది కొంటారు. దుకాణం లైట్లలో ముచ్చటగా ఉంటుంది. ఇంటికి వచ్చాక ముల్లు ఎక్కడుందో కనపడదు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళ సంగతి చెప్పనక్కర లేదు. తెల్ల డయలు అయితే నల్లటివో, ముదురు నీలం రంగువో ముళ్ళుండాలి. తేదీ కిటికీ లేకుంటే మంచిది. ఆ చిన్న అంకె మన కళ్ళకు ఎట్లాగూ ఆనదు. ముప్పై రోజుల నెల అయిపోయినప్పుడల్లా దాన్ని తిప్పుకోవాలి కూడా. కొనేముందు కళ్ళద్దాలు తీసి, చేయి చాచి చూడండి. టైము ఒక్క చూపులో తెలియాలి. కన్ను చిట్లించి చూస్తే ఎదుటివాడికి మనం విసుక్కున్నట్టు కనిపిస్తుంది.

మూడోది లోపలి యంత్రం. కీ ఇచ్చే వాచీనా, సెల్లు వాచీనా? సెల్లు వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్కతో టైము నడుస్తుంది. నెలకు కొద్ది సెకన్ల కంటే తేడా రాదు. 1969లో జపాన్ సెయికో వారు మొదట ఈ రకం చేతి వాచీ అమ్మారు. కీ ఇచ్చే వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ పోతుంది. మూడు నాలుగేళ్ళకోసారి శుభ్రం చేయించి నూనె వేయించాలి. ఆ పని తెలిసిన మనుషులు ఇప్పుడు తక్కువ. పొద్దున్నే కీ ఇవ్వడంలో ఒక సుఖం ఉందని ఒప్పుకుంటాను. కానీ వేళ్ళు వణికేవాళ్ళకు ఆ చిన్న బుడిపె తిప్పడం రోజూ ఒక పరీక్ష. అప్పుడప్పుడు పెట్టుకునే వాచీ కాబట్టి సెల్లుదే మేలు అనుకున్నాను. ఒక్క జాగ్రత్త. సెల్లు అయిపోతే వెంటనే మార్పించండి, లేదా తీయించండి. చచ్చిన సెల్లు లోపలే ఉంటే కారి యంత్రాన్ని తినేస్తుంది.

నాలుగోది బెల్టు. సాదా వాచీకి తోలు బెల్టే అందం. కానీ మన ఎండలకు, చెమటకు తోలు ఏడాదిలో కంపు కొడుతుంది. అందుకని రెండు మాటలు. రోజంతా కట్టుకోకండి. తీసిన వెంటనే పెట్టెలో పెట్టకుండా గాలికి ఆరనివ్వండి. కొమ్ముల మధ్య వెడల్పు 18 మిల్లీమీటర్లున్న వాచీ కొంటే ఏ ఊళ్ళోనైనా బెల్టు దొరుకుతుంది. వేళ్ళ కీళ్ళు నొప్పులున్నవాళ్ళు కొందరు అయస్కాంతంతో అతుక్కునే బెల్టులు కొంటున్నారు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు అటువంటివి డాక్టరును అడగకుండా కొనవద్దు. బంగారు పూత చైనులకు ఇంకో ఇబ్బంది ఉంది. పూత పోయాక కింది లోహం కొందరి చర్మానికి పడదు, దురద పెడుతుంది.

ఐదోది నీళ్ళు. వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే ముప్పై మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు. చేయి కడుక్కుంటే చిందిన నీళ్ళకు ఫరవా లేదని మాత్రమే దాని అర్థం. స్నానానికి, పొలంలో పైపు పట్టుకోవడానికి 100 మీటర్లూ, ఆ పైన ఉన్న మొరటు వాచీయే వాడాలి. సాదా వాచీని దానికి వాడితే నేను మామగారి వాచీకి చేసిందే మీరూ చేసినట్టు.

ఆరోది పాత వాచీల సంగతి. హెచ్.ఎం.టి. మీద ప్రేమ ఉన్నవాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. ఆ వాచీల కంపెనీ మూతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇప్పుడు బజారులో కొత్త రంగులేసిన డయళ్ళతో, నాలుగు వాచీల సామాను కలిపి చేసిన జనతాలు దొరుకుతున్నాయి. ఎర్ర డయలు, పచ్చ డయలు, మీద అక్షరాలు అలుక్కుపోయి ఉంటే అనుమానించండి. మీ ఇంట్లోనే అసలుది ఉంటే అంతకంటే భాగ్యం లేదు. నేను పోగొట్టుకున్నాను కాబట్టి చెపుతున్నాను, బాగుచేయించండి. డయలుకు మాత్రం కొత్త రంగు వేయించకండి. మరక ఉంటే ఉండనివ్వండి.

చివరిది ధర. నేను మూడు వేలు దాటవద్దని గీత గీసుకున్నాను, దాటలేదు. కొన్నది 36 మిల్లీమీటర్ల కేసు, తెల్ల డయలు, నల్ల ముళ్ళు, ముదురు గోధుమ రంగు తోలు బెల్టు. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినిపించదు. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఇంటావిడ చేతిలోకి తీసుకుని, "మా నాయిన పెట్టిన దానిలెక్కనే ఉన్నది" అన్నది. ఆమెకు నేనేం జవాబు చెప్పలేదు.

అసలు కష్టం దుకాణంలో కాదు, తరువాత ఎదురైంది. పెద్దవాడికి ఎట్లా చెప్పాలి? వాడు తెచ్చిన వాచీ ఉండగా ఇంకోటి కొన్నానంటే మనసు కష్టపెట్టుకుంటాడు. వారం రోజులు ఫోన్‌లో ఆ మాట ఎత్తలేదు. చివరికి వీడియోలో మాట్లాడుతుంటే వాడే నా చేయి చూశాడు. "బాపూ, నేను తెచ్చింది నచ్చలేదా?" అన్నాడు.

నేను జరిగిందంతా చెప్పాను. ఆ ఇల్లు, ఆగిన సాంచాలు, ఆ కూత, ఆమె అన్న మాట. "నీ వాచీ పొద్దున నడకకు, పొలానికి, స్నానానికి, గోలీలు యాది చెయ్యనీకె. దినమంత అదే ఉంటది బిడ్డా. నలుగురిల కూసున్నప్పుడే ఇది" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ కూత ఆపే బటన్ నేను చూపియ్యకనే పోయిన. ఎడమ దిక్కు కిందిది ఒత్తిపట్టు" అన్నాడు. ఒత్తి పట్టాను, ఆగింది. నాలుగేళ్ళు మోగిన కూతకు ఒక్క బటన్ మందు. పిల్లల దగ్గర అడగడానికి నామోషీ పడ్డందుకు నాకు దక్కిన శిక్ష అది. ఫోన్ పెట్టేముందు వాడు, "తోలు బెల్టు ఏడాదికే పోతది బాపూ. కొలత చెప్పు, ఒకటి పంపిస్త" అన్నాడు. పద్దెనిమిది అని చెప్పాను. ఇవాళ నా చేతికి ఉన్నది ఆ బెల్టే.

ఆ విద్యార్థి నెల మాసికానికి మళ్ళీ వాళ్ళింటికి పోయాను. ఈసారి కొత్త వాచీ పెట్టుకుని పోయాను. రెండు సాంచాలు నడుస్తున్నాయి, రెండు ఆగి ఉన్నాయి. ఫోటో తీసి ఆ తల్లి చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. పక్కనున్న పిల్లలెవరో ఒక్కొక్కరినీ అడిగింది. నేను పేర్లు చెప్పాను. ఎవరెక్కడున్నారో చెప్పాను. ఫైనల్ ఆటలో ఊపిరి బిగపట్టి ముగ్గుర్ని తాకి గీత మీద పడిపోయిన ఆమె కొడుకు సంగతి చెప్పాను. లేచి దుమ్ము దులుపుకుని ముందు ఎదుటి జట్టు పిల్లవాణ్ణి లేపిన సంగతీ చెప్పాను. ఆ మాట విని ఆమె నవ్వింది, ఏడ్చింది.

నేను ఒక్కసారి కూడా చేయి చూసుకోలేదు. చాలాసేపయ్యాక ఆమే, "యాళ్ళెంతయింది సారూ? చిన్నది బడి నుంచి వచ్చే యాళ్ళయిందా?" అని అడిగింది. అప్పుడు వాచీ చూసి, "నాలుగుంబావు" అని చెప్పాను.

సాదా వాచీ గురించి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. టైము మన దగ్గర ఉండాలి. ఎదుటివాళ్ళు అడిగినప్పుడు చెప్పడానికి ఉండాలి. వాళ్ళు అడగక ముందే అది మాట్లాడకూడదు.

కార్యదర్శిగారితో మాట్లాడి ఒక చిన్న ఏర్పాటు చేశాను. వచ్చే నెల సమావేశానికి, కీ ఇచ్చే వాచీల పని తెలిసిన పెద్దమనిషి ఒకాయన వస్తానన్నారు. మీ ఇళ్ళలో పెట్టెల అడుగున ఆగిపోయిన వాచీలుంటే పట్టుకురండి. తండ్రిదో, మామదో, మీ మొదటి జీతానిదో, ఏదైనా సరే. నడిచేవి నడుస్తాయి, నడవనివి ఎందుకు నడవవో అయినా తెలుస్తుంది. పిల్లలు కొనిచ్చిన వాచీల బటన్లు తెలియనివాళ్ళు మనవళ్ళను వెంట తెచ్చుకోండి.

నాకిచ్చిన సమయం ముప్పై నిమిషాలు. నా లెక్కన రెండు నిమిషాలు మిగిలాయి. అధ్యక్షులవారు తమ వాచీతో సరిచూసుకోవచ్చు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. సెలవు.